వేసవి శిష్యరికము

(దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఉన్నత పాఠశాల విద్యార్థుల వేసవి సేవాశిక్షణము ముగియవచ్చిన సందర్భమున జరిగిన సభలో మేము చేసిన ప్రసంగము. కొందరు పాఠకులు కోరినందున ఇచ్చట ప్రకటించుచున్నాము.)



మమ్ము నేడు ఉపదేశము చేయుటకై పిలిచిరి. కాని గత పది దినములు మేము మీ వెంట ఎండలో తిరిగినవారము. తిరిగిన పిమ్మట ఉపదేశమునందు మాకు రుచి తగ్గినది. చూచినదానిని చెప్పుదుము. మాకు తోచిన అభ్యంతరములను కూడ దాచుకొనము. వానిలో ఒకటి ఈ సభను జరుపుచున్న పెద్దలకు నచ్చకపోవచ్చును.

పదవ తరగతి పరీక్షలు వ్రాసి ముగించిన ముప్పదిమంది బాలబాలికలు మూడు వారములపాటు, దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి. నగర్ కూడలి వరకు గల పేటలలో, దినమునకు నాలుగు గంటలు ఏదో ఒక పని నేర్చుకొనవలెనని ఏర్పాటు. కొందరు బస్తీ దవాఖానాకు, కొందరు గ్రంథాలయమునకు, ఇద్దరు వడ్రంగి దుకాణమునకు, ఎనమండుగురు సరూర్‌నగర్ చెరువు క్రింది కాలనీలకు పోయిరి. దీనిని ఇంగ్లీషు మాటతో ఇంటర్న్‌షిప్పు అనుచున్నారు. మన పెద్దల వాడుకలో దీనికి దగ్గరివి రెండు మాటలు కలవు: శిష్యరికము ఒకటి, ఉమేదువారీ మరియొకటి. గురువు ఇంట నీరు మోసి, కసవూడ్చి, క్రమముగా విద్య నేర్చుట శిష్యరికము. కచేరీలో జీతము లేక కాగితములు వ్రాయుచు, ఎప్పటికైన ఒక నౌకరి దొరకకపోదా యని అధికారి ముఖము చూచుచుండుట ఉమేదువారీ. నేడు పట్టణములలో ఇంటర్న్‌షిప్పు పేర జరుగునది చాలవరకు రెండవదే. మీరు చేసినది ఏది యనుటయే మా ప్రశ్న.

ఈ ప్రాంతమునకు ఆ ప్రశ్న మరింత తగినది. దిల్‌సుఖ్‌నగర్ చదువుల అంగడి. నల్లగొండ, ఖమ్మము, మహబూబ్‌నగర్ జిల్లాలనుండి, కృష్ణకు ఆవలి ఊళ్లనుండి కూడ, యువకులు పెట్టె చేతబట్టి వచ్చి, హాస్టలులో ఒక మంచము అద్దెకు తీసికొని, పరీక్ష వ్రాసి వెడలిపోవుదురు. రెండేండ్లు కాపురమున్నవానికి తన హాస్టలు వెనుక వీధిలో ఎవరుందురో తెలియదు. వారి మాట అటుంచుడు. మెట్రో రైలులో ‘విక్టోరియా మెమోరియల్’ అను స్టేషను పేరు మీరు దినదినమును వినుచున్నారు. విక్టోరియా రాణి స్మారకముగా, ఆరవ నిజాము కాలమున, అనాథ బాలలకై ఏర్పడిన ఆశ్రమమువలన ఆ పేరు వచ్చినదని ఎందరికి తెలియునని అడుగగా, ఇచ్చటనే పుట్టి పెరిగిన ముప్పదిమందిలో ఇద్దరు చేతులెత్తిరి.

పని ద్వారమున విద్య యను మాట క్రొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారు విద్యాసభ జరిపి, చేతిపనిని కేంద్రముగా చేసికొని చదువు సాగవలెననిరి. ఆ పథకమును రచించిన సంఘమునకు అధ్యక్షుడు మన హైదరాబాదున పుట్టిన జాకీర్ హుసేన్. 1964–66 నాటి కొఠారి కమిషను పని అనుభవమును, సంఘసేవను పాఠ్యక్రమములో చేర్చుమనెను. 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి సంవత్సరమున, 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవా పథకము మొదలైనది. అందలి వాలంటీరు రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ సంఘము ‘సమాజోపయోగకరమైన ఉత్పాదక కార్యము’ అను పొడుగాటి పేరొకటి పెట్టినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము, ఆరు మొదలు ఎనిమిది వరకు గల తరగతులవారు పది దినములు పుస్తకముల సంచి లేకుండ వడ్రంగి, తోటమాలి, కుమ్మరి మొదలగువారియొద్ద నేర్వవలెననియు, పండ్రెండవ తరగతి వరకు సెలవులలోను ఇట్టి అవకాశములు కల్పింపవచ్చుననియు చెప్పుచున్నది. పొరుగున ఆంధ్రప్రదేశములో డిగ్రీ విద్యార్థులకు మొదటి సంవత్సరము ముగిసిన పిమ్మట 180 గంటల సమాజసేవా ప్రాజెక్టును నియమించిరి. ఎనుబది యేండ్లకు పైగా మనకు కాగితములకు లోటు లేదు. లోటు ఎచ్చటనున్నదో చెప్పుటకు మా అనుభవమే ఒకటి చాలును.

మేమును ఒకప్పుడు ఒక కళాశాలలో అధ్యాపకులముగా ఉంటిమి. సేవాశిబిరము పట్టీలో ఏబదిమంది పేర్లుండెను. శిబిరమునకు వచ్చినది పందొమ్మిదిమంది. చివరి దినమున ఏబది సర్టిఫికెట్లు మా బల్లపైకి వచ్చినవి. పిల్లలకు ముందుముందు ఉపయోగపడును, ఎవరికిని నష్టము లేదు కదా యనిరి. మేము సంతకములు చేసితిమి. నష్టము ఎవరికో ఆ సాయంకాలమే తెలిసినది. నిజముగా వచ్చి, పారపట్టి కాలువ త్రవ్వి, చేతులు బొబ్బలెక్కిన ఒక విద్యార్థి తన సర్టిఫికెట్టును మా యెదుటనే మడిచి, “రానివానికి కూడ ఇదే ఇచ్చినారు సార్” అని బల్లపై ఉంచి పోయెను. ఆ కాగితము ఇప్పటికిని మాయొద్దనే ఉన్నది.

ఇక మీ సంగతి. దవాఖానాలో చీట్లు వ్రాయు బల్లయొద్ద కూర్చున్న బాలిక మొదటి దినము మిక్కిలి విసిగెను. వయస్సెంత యని అడిగిన, ముసలివారు సంఖ్య చెప్పరు. “అరవై తొమ్మిది లొల్లిల నేను మూడో తరగతి బిడ్డా” అని ఒకరు. పోలీసు చర్య నాటికి తాను తల్లి చంకలోని పిల్లనని మరియొకరు. రెండవ దినమున ఆమె తన నోటుపుస్తకము వెనుక 1948, 1969, 1977 నాటి ఉప్పెన, 2000 ఆగస్టు నాటి నగరపు వరద అని వరుసగా వ్రాసి పెట్టుకొనెను. ఎవరు ఏ సంగతి చెప్పినను వయస్సు లెక్కగట్టి చీటీ వ్రాయసాగెను. మార్కులకై కంఠస్థము చేసిన సంవత్సరములు మనుష్యుల వయస్సులైనవి. చరిత్రపాఠమునకు ఇంతకన్న మంచి పరీక్ష మాకు తెలియదు.

అదే బల్లయొద్ద మరియొకటి జరిగినది. పేటలో పలుకుబడి గల పెద్దమనిషి యొకరు వచ్చి, వరుసలో నిలువక, తన చీటీ ముందు వ్రాయుమనెను. “మీ నెంబరు ఇరవై రెండు, కూర్చోండి అంకుల్” అని ఆమె తల ఎత్తకయే చెప్పెనట. ఆయన కొంచెము గొణిగి కూర్చుండెను. ఇది విన్నప్పుడు మాకు దుర్గాబాయి జ్ఞాపకమునకు వచ్చినది. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినపుడు ఆమెకు పదునాలుగేండ్లు. ఖద్దరు ప్రదర్శనశాలయొద్ద వాలంటీరు. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేక వచ్చెను, ఆమె ఆపెను. నిర్వాహకులు కోపించిరి; చెప్పిన పనియే చేసితినని ఆమె బదులు చెప్పెను. వారు టిక్కెట్టు కొని తెచ్చిన పిమ్మటనే ఆయనను లోనికి పోనిచ్చెను. నెహ్రూ ఆమెను మెచ్చుకొనెను. పిమ్మట ఆంధ్ర మహిళా సభను స్థాపించినదియు, రాజ్యాంగ పరిషత్తులో కూర్చున్నదియు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు తొలి అధ్యక్షురాలైనదియు ఆ బాలికయే. ఆనాడు ఆమెకు ఎవరును మార్కులు వేయలేదు. ఆమెకు ఒక ద్వారమును అప్పగించిరి. అది నిజమైన ద్వారము. మీలో ఎందరికి నిజమైన పని అప్పగింపబడినది? గ్రంథాలయమునకు పోయినవారిని మూడు వారములును పత్రికలు సర్దుమనిరి. నాలుగవ దినమునకే సర్దుటకు ఏమియు మిగులలేదు. అది మీ లోపము కాదు, ఏర్పాటు చేసిన మాది.

వడ్రంగి దుకాణమునకు పోయిన ఇద్దరు బాలురు రెండు దినములు పొట్టు ఊడ్చిరి. మూడవ దినమున ఒకని తండ్రి కోపముతో మాయొద్దకు వచ్చి, తన కుమారుడు ఊడ్చుటకా పోయినది యనెను. మేము పోయి ఆ మేస్త్రీని అడిగితిమి. ఆయన నవ్వి, రంద యని వారు పిలుచు చిత్రికను మా చేతికిచ్చి కొయ్యను నునుపు చేయుమనెను. అది చెక్క నారకు ఎదురుపోయి, మేము పట్టినచోటెల్ల పెచ్చులు లేచినవి. పొట్టు చేతబట్టి చూచిననే ఏ కొయ్య నార ఎటు పోవునో తెలియునని ఆయన చెప్పెను. ఊడ్చుట కూడ పాఠమే యనుటకు ఆ బల్లచెక్క సాక్షి. పాపము, అది ఎవరి ఇంటి తలుపునకో ఉద్దేశింపబడినది. ఇంకొక మాట కూడ చెప్పవలెను. ఆయన కోతయంత్రము దరిదాపులకు బాలురను రానీయలేదు. పదునెనిమిదేండ్లలోపువారిని అపాయకరమైన పనులలో పెట్టరాదని 2016 నాటి చట్ట సవరణము చెప్పుచున్నది. ఆయన ఆ చట్టము చదివినవాడు కాడు గాని, ఆయనకు రెండు వ్రేళ్లు లేవు.

చెరువు క్రింది కాలనీలకు పోయినవారి పని మాకు అన్నిటికన్న గొప్పగా తోచినది. 2020 అక్టోబరు 13 నాటి వానకు ఆ వీధులు మునిగిన సంగతి మీరు ఎరుగుదురు. మీలో కొందరు ఆ రాత్రి మేడపై గడిపినవారు. మీర్‌పేట వైపు చెరువుల అలుగునీరు కూడ సరూర్‌నగర్ చెరువునకే దిగివచ్చును. ఏ యింట ఎంత నీరు నిలిచెనో ఇంటింట అడిగి వ్రాయుట వీరి పని. ఒక యింట నడుము వరకు అనిరి. ప్రక్క యింట మోకాలి వరకు అనిరి. వీధి ఒకటే, వాన ఒకటే. మొదట అబద్ధమనుకొనిరి. పిమ్మట తెలిసినది: నడుమనినది పొట్టి ముసలమ్మ, మోకాలనినది ఆరడుగుల యువకుడు. ఇంకను చూడగా, పాత ఇండ్లు రోడ్డుకంటె పల్లమున ఉన్నవి. ఏలయనగా రోడ్డు వేసినప్పుడెల్ల పాతదానిపైననే వేసిరి. తరువాత కట్టినవారు పునాది లేపి కట్టిరి. అప్పుడు మనుష్యుల కొలత మానివేసి, గోడమీది మరకను చూపుమని అడిగి, వీధిలోని మ్యాన్‌హోలు మూతనుండి టేపు పట్టి కొలవసాగిరి. అనేకుల ఇండ్లలో వీధి నీరు గడప దాటకముందే స్నానాలగది తూములోనుండి నీరు పైకి తన్నినదట. దానిని వేరుగా ఒక గడి గీచి వ్రాసికొనిరి. నాలా నిండి వెనుకకు తన్నుట వేరు, చెరువు పొంగుట వేరు. రెండింటికిని మందు ఒకటి కాదు.

అచ్చటనే ఒక ముసలమ్మ వీరిని నిలువరించినది. “నిరుడొచ్చి రాసుకపోయిండ్రు, ముందటేడు రాసుకపోయిండ్రు. మల్ల మీరెందుకు బిడ్డా?” వీరియొద్ద జవాబు లేకపోయెను. ఆ రాత్రి ఎనమండుగురును కూర్చుండి తర్కించుకొని, ప్రతి యింటివారికిని వారి యింటి కొలత వ్రాసిన కాగితము నకలు ఇత్తుమని నిశ్చయించిరి. ఇది మేము చెప్పినది కాదు, వారి ఉపాధ్యాయులు చెప్పినదియు కాదు.

ఇక మా అభ్యంతరము. వచ్చు సంవత్సరమునుండి ఈ పనికి మార్కులు వేయవలెనని పాఠశాల పెద్దలు తలచుచున్నారట. మేము దానిని ఒప్పము. మార్కు వచ్చిన మరునాడే ఆ ఏబది సర్టిఫికెట్ల కథ మరల మొదలగును. దవాఖానావారు, మేస్త్రీలు మన పిల్లలకు ఒక కూలి కూడ పుచ్చుకొనక నేర్పుచున్నారు. వారిని మార్కుల గుమాస్తాలుగా చేయుట న్యాయము కాదు. పరీక్షింపవలసినది పిల్లలను కాదు, ఏర్పాటును: ఎవరికి నిజమైన పని దొరకలేదో ప్రతి వారము అడిగి, స్థలము మార్చవలెను.

మరియొకటి. మీ తరగతిలో ముప్పదియొకటవవాడు కలడు. పట్టీలో అతని పేరునకు ఎదుట ‘హాజరు కాలేదు’ అని వ్రాసిరి. అతడు తెల్లవారుజామున నాలుగు గంటలకు తల్లితో కూడ మార్కెట్టునకు పోయి, సరకు తెచ్చి, కొత్తపేటలో బండి పెట్టి, పది గంటల వరకు తూకము వేయుచున్నాడు. గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు బాటసింగారమునకు తరలినప్పటినుండి ఆ తల్లికి దారి దూరమై, ఆటో కిరాయి పెరిగినది. 2022లో శంకుస్థాపన జరిగిన ఆసుపత్రి ఆ పాత స్థలమున లేచుచున్నది. ధర ఎట్లు కట్టవలెనో, మిగిలిన పండును సాయంకాలము ఎవరికి ఏ ధరకు ఇయ్యవలెనో ఆ బాలునికి తెలిసినంత మీలో ఎవరికిని తెలియదు. మనము సంపన్నుల బిడ్డలను పనికి పంపి శిక్షణమనుచు, పేదవాని పనిని గైరుహాజరనుచున్నాము. ఆ పట్టీని దిద్దవలెనని మేము ఈ సభాముఖమున కోరుచున్నాము. రాబోవు సంవత్సరము ఇద్దరు బాలురను అతని బండియొద్దకే పంపుడు, గురువు అతడే.

తలిదండ్రులారా, ఈ మూడు వారములు పోయినచో ర్యాంకు పోవునని మీ భయము. ఇంటర్మీడియేటు రెండవ యేడు ముగించి మే నెలలో ప్రవేశపరీక్షకు కూర్చుండు విద్యార్థిని ఇందులోనికి లాగుమని మేము అనుట లేదు. కాని పదవ తరగతి పరీక్షలకును జూనునకును నడుమ ఖాళీ యున్నది. ఆ ఖాళీలోనే బ్రిడ్జి కోర్సని కళాశాలలు పిల్లలను లాగుకొనుచున్నవి. వేసవి సెలవులలో తరగతులు నడుపరాదని ఇంటర్మీడియేటు బోర్డు పలుమారులు హెచ్చరించినది. ఆ హెచ్చరికను పాటింపజేయుట మీ చేతిలోని పని. ఫీజు కట్టువారు మీరు.

చెరువు క్రింద మూడు వీధులు ఇంకను మిగిలియున్నవి. నకళ్లు అందవలసిన ఇండ్లు నలువది మూడు. రేపు ఉదయము ఆరున్నర గంటలకు, ఎండ ముదరకముందే, చెరువుకట్టమీద కలిసికొనుటకు నిశ్చయమైనది. వడ్రంగి మేస్త్రీ తన టేపును ఇచ్చెదననెను. మరి రెండు కావలెను. ఎవరి ఇంటనైన ఉన్నయెడల తీసికొనిరండు. ముసలమ్మగారి కాగితమును మొదట ఇయ్యవలెను.