ఉత్తకాళ్ల నుంచి బంగారు పతకం దాకా



మన భద్రాచలం అడవి గూడేల్లో పిల్లలు ఉత్తకాళ్లతోనే బంతి ఆడతారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన దేశ ఫుట్‌బాల్ ఆటగాళ్లు చాలామంది అలాగే ఆడారు. యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడారు. అప్పటి కోచ్ హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదువుతూ ఆడినవారు.

ఓడామని ఆయన కూర్చోలేదు. ఆటగాళ్లకు బూట్లు అలవాటు చేశారు. కుర్రాళ్లకు బలం తక్కువున్న కాలితోనే ఆడే పోటీలు పెట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టుకు నాలుగో స్థానం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, ఒంట్లో క్యాన్సర్ ఉండగానే, బంగారు పతకం తెప్పించారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు.

మన ఆశ్రమ పాఠశాలల్లో పరుగెత్తే కాళ్లకు కొదవలేదు. నేర్పే సార్లే కావాలి. డిగ్రీ అయ్యాక మీలో కొందరైనా బీపీఈడీ చదివి, మెడలో విజిల్‌తో ఇక్కడికే తిరిగి రండి.

జై ఆదివాసీ!