మా అమ్మాయి ఇంటి క్లెమాటిస్ తీగ
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పూలతీగల గురించి పది నిముషాలు మాట్లాడమన్నారు. రెవెన్యూ ఆఫీసులో ఫైళ్ళు కట్టుకుంటూ సర్వీసంతా గడిపినవాణ్ణి. ఇతరులకు ఉపన్యాసాలు రాసిచ్చానే గాని నేనెన్నడూ మాట్లాడలేదు. రాధామనోహరం, సన్నజాజి సంగతి ఇక్కడున్న అక్కచెల్లెళ్ళకి నేను చెప్పేదేమీ లేదు. కనుక మీలో చాలామంది చూసి ఉండని ఒక తీగ గురించి చెబుతాను. దాని పేరు క్లెమాటిస్.

2015లో నేనూ, మా ఇంటావిడా ఇంగ్లండులో రెడింగ్ పట్టణంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. మా ఇంటావిడ పుట్టిల్లు కడియం పక్కన. నర్సరీల మధ్య పెరిగిన మనిషి, మొక్కలు అమ్మే కొట్టు కనిపిస్తే కాలు కదపదు. అక్కడ నెల్లీ మోసర్ అనే రకం కొన్నది. 1897లో ఫ్రాన్సులో తయారైన సంకరజాతి. లేతగులాబీ రంగులో సాసరంత పూవు, ప్రతి రేకు మధ్యా ముదురు చార. అవి నిజానికి రేకులు కావు, రక్షకపత్రాలట. మన నల్ల జీలకర్ర కూడా ఈ కుటుంబానిదే.

నాటేటప్పుడు మాకు పోట్లాట అయింది. ఆవిడ గుంట బాగా లోతుగా తవ్వించి, కాండం రెండు మూడు అంగుళాలు మట్టిలో మునిగేలా పెట్టింది. "కాండం పూడిస్తే కుళ్ళిపోతుందే" అన్నాను. "చీటీ మీద అలాగే రాశారండీ. ఏ ఊరి మొక్కకి ఆ ఊరి పద్ధతి" అన్నది. మొదట్లో ఎండ తగలకుండా నాలుగు పలకరాళ్ళు పరిచింది. ఈ తీగకి వేరు నీడన చల్లగా ఉండాలి, తల వెలుతురులో ఉండాలి. నెల్లీ మోసర్ రంగు మరీ ఎండలో వెలిసిపోతుంది గనుక తూర్పు గోడ చూసింది. దీనికి నులితీగలు ఉండవు, ఆకుకాడే మెలికపడి పట్టుకుంటుంది. లావు కర్ర పెడితే చుట్టుకోలేదు, సన్నని తీగెలు కట్టాలి.

కత్తిరింపు సంగతి ముఖ్యం. ఇందులో మూడు తరగతులున్నాయి. వసంతంలో పూసే మోంటానా వంటివాటిని పూత అయిపోయాక కత్తిరించాలి. నెల్లీ మోసర్ వంటివాటికి ఫిబ్రవరి చివర ఎండుకొనలు మాత్రం తీయాలి, ఎందుకంటే తొలిపూత పాత కొమ్మ మీదే వస్తుంది. ఆలస్యంగా పూసే జాక్మనీ వంటివాటిని అదే ఫిబ్రవరిలో నేలకి అడుగు ఎత్తున నిర్దాక్షిణ్యంగా నరకవచ్చు. రకం తెలియకుండా కత్తెర వేయడం తప్పు పద్దు కింద బిల్లు పెట్టడం వంటిది, ఆ ఏడాది పూత రాదు.

మా ఇంటావిడ 2018 జనవరిలో పోయింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో నేనొక్కణ్ణే వెళ్ళాను. తీగ గోడెత్తు పెరిగి నిండా మొగ్గలతో ఉంది. రోజూ నీళ్ళు పోయడం నా డ్యూటీ. మే నెల మధ్యలో ఒక ఉదయం చూద్దును గదా, మొగ్గలతో సహా తల వేలేసింది. రెండు రోజుల్లో ఆకులు నల్లబడ్డాయి. నీళ్ళు ఎక్కువై చచ్చిందనుకున్నాను. మా అమ్మాయి "ఏం చేశారు నాన్నగారూ?" అని ఒక్కమాటే అని లోపలికి వెళ్ళిపోయింది. నాకు రెండు రాత్రులు నిద్ర లేదు.

పక్కింటి ముసలావిడ గోడ మీదనుంచి చూసి, ఇది శిలీంధ్రం తెచ్చే విల్ట్ అనే తెగులు, పెద్ద పూల రకాలకి తరచు వస్తుంది, మీ తప్పు కాదు అన్నది. నేలమట్టానికి కోసేసి, కోసినది చెత్తలో పారెయ్యమన్నది. "లోతుగా నాటారా?" అని అడిగింది. నాటామన్నాను. "అయితే భయం లేదు, మట్టిలోపలి కణుపుల నుంచి మళ్ళీ వస్తుంది" అన్నది.

చేతులు వణుకుతుండగా నేనే కోశాను. రసం తగిలితే చర్మం మంట పుడుతుందని గ్లౌజులు ఇచ్చింది మా అమ్మాయి. జూన్ అంతా వట్టి మట్టి. జూలైలో రెండు ఎర్రని మొలకలు లేచాయి. అక్టోబరు నాటికి నా నడుమెత్తు అయింది. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి గనుక నేను తిరిగివచ్చాను.

మన కోస్తా ఎండల్లో ఇది పెంచమని ఎవరికీ చెప్పను. దానికి చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే వ్యవధి కావాలి. పిల్లలు చలిదేశాల్లో ఉన్నవారు మాత్రం తప్పక నాటండి, లోతుగా నాటండి.

2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో మనమంతా ఇళ్ళలో ఉన్నప్పుడు, మా అమ్మాయి ఫోనులో ఫొటో పంపింది. పదకొండు పూలు, లెక్కపెట్టాను. ప్రింటు తీయించి మా ఇంటావిడ పటం పక్కన పెట్టాను. ఈవేళ జేబులో తెచ్చాను, భోజనాల దగ్గర చూపిస్తాను. సెలవు.