కంటికి కానరాని వెలుగు
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

కమ్మరి కొలిమినుండి ఇనుపకమ్మిని తీసినపుడు దాని రంగును చూచియే వేడిమిని చెప్పును. ఎఱ్ఱగానున్న నొక వేడి, పసుపుపచ్చనైన అంతకు మించిన వేడి. కమ్మి నల్లబడిన పిదపగూడ చెంత చేయి పెట్టినచో సెగ తగులును. కన్ను చూడజాలని ఆ వెలుగునే పరారుణ కిరణములందురు. 1800 సంవత్సరమున విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముతో విడదీసి, ఎఱుపునకు ఆవల ఏ రంగును లేనిచోట ఉష్ణమాపకము నుంచి వీనిని కనుగొనెను. నేడు నేను చెప్పబూనినది కమ్మరి విద్యను ఆకాశమున ప్రయోగించిన కథ.

అమెరికావారి స్పేస్ షటిల్ సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగముతో వాయుమండలమున ప్రవేశించెడిది. ఆ వేడికి గాలి రాపిడియే కారణమని మనము చదువుకొంటిమి. అది కొంతవఱకే నిజము. తొలగిపోవుటకు వ్యవధి లేని గాలి నౌక ముందర ఒత్తుకొని మిక్కిలి వేడెక్కుటయే ముఖ్యకారణము. సైకిలు పంపు కొట్టినపుడు దాని అడుగు కాలుట మీ రెఱుగుదురు గదా! అందుచేత నౌక ముక్కును, ఱెక్కల అంచులను సుమారు 1,650 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి తాళగల కర్బనపు పలకలతోను, అడుగుభాగమును సిలికా పెంకులతోను కప్పిరి.

2003 ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా నశించెను. బయలుదేరునపుడు ఇంధనపు తొట్టినుండి ఊడిన నురుగుముక్క ఎడమఱెక్క అంచును పగులగొట్టగా, పదునారు దినముల తరువాత ఆ కంతలో వేడిగాలి చొచ్చెను. కల్పనా చావ్లాతో గూడ ఏడుగురు మరణించిరి. ఆ కొలంబియా తోకపైననే, ఎడమఱెక్క పైభాగపు వేడిని చూచుటకు పరారుణ యంత్ర మొకటి 1980ల నాడు అమర్చబడెననియు, ఆ పరిశోధన ఎన్నడో ముగిసెననియు తెలిసినపుడు నా మనస్సు కలుక్కుమన్నది.

2005లో డిస్కవరీ ఎగిరినపుడు అడుగున పెంకుల నడిమి సందులను పూడ్చిన పీలికలు రెండు సుమారు అంగుళము బయటికి పొడుచుకొని వచ్చెను. అంగుళమే గదా యనిపించును. కాలువలో నునుపుగా సాగు నీటికి రాయి అడ్డుపడినచో దిగువనంతయు సుడులు రేగును. నౌక పొట్టనంటి జారు పలుచని గాలిపొరయు నట్టిదే. అది కలతచెందినచో వెనుకనున్న పెంకులకు వేడి కొన్ని రెట్లు పెరుగును. ఎప్పుడు కలతచెందును, ఎంత పెరుగును అను దానిని ధైర్యముగా లెక్కగట్టి చెప్పగలవారు లేకపోయిరి. కావున ఆగస్టు 3న స్టీఫెన్ రాబిన్సన్ నౌక పొట్టక్రిందికి పోయి వానిని చేతితో లాగివేసెను.

ఆ సందేహము తీరవలెనన్న గాలిపొరను కలతపెట్టియే చూడవలెను. 2009లో డిస్కవరీ ఎడమఱెక్క క్రింద పావు అంగుళపు బొడిపెను కోరి అమర్చిరి. కొఱివితో తల గోకికొనుట యని మీరనవచ్చును. కాని ఎంతటి బొడిపె అపాయకరము కాదో ముందుగా తూచియే పెట్టిరి. మార్చి 28న నౌక ధ్వనికి ఎనిమిదిన్నర రెట్ల వేగముతో దిగుచుండగా, దారిక్రింద వేచియున్న నౌకాదళపు ఓరియన్ విమానము పరారుణ కెమెరాతో దాని పొట్టను చిత్రించెను. నాసా లాంగ్లీ కేంద్రపు పరిశోధకులు నడపిన పని యిది.

చిత్రము తీసినంత మాత్రమున డిగ్రీలు తెలియవు. నడిమి గాలిలోని నీటియావిరి కొంత వెలుగును మ్రింగును. దూరము, చూచు కోణము క్షణక్షణము మారుచుండును. పెంకుల నల్లనిపూత ఎంత వెలుగును వెలువరించునో ఎఱిగియుండవలెను. వీనినన్నిటిని సరిదిద్ది, పెంకులలో పొదిగిన ఉష్ణమాపకములతో సరిచూచిరి. ఆ మాపకములు తామున్నచోటి వేడినే చెప్పగలవు. చిత్రమో, పొట్టనంతటిని ఒక్కమాఱు చూపును.

షటిళ్లు 2011లో విశ్రమించినవి. 2014 సెప్టెంబరులో ఫాల్కన్ 9 రాకెట్టు తొలి అంతస్తు తిరిగివచ్చుటను గూడ ఇట్లే విమానములనుండి చిత్రించిరి.

డిస్కవరీ చిత్రపు ప్రతి నొకదానిని పఠనమందిరపు బల్లపై నుంచితిని. ఎడమఱెక్కయందు బొడిపె వెనుక విసనకఱ్ఱవలె విచ్చుకొన్న వేడిచార కనబడును. పోవునపుడు చూచిపొండు.