అమ్మ పింఛను, కొడుకు జీతం

(మండల కేంద్రంలో జరిగిన పింఛనుదారుల, వ్యవసాయ కూలీల సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు రాజ్యాంగం గురించి, రిజర్వేషన్ల గురించి చెప్పారు. నేను అంత పెద్ద సంగతులు ఎత్తుకోను. ఒక కాగితం ముక్క గురించి మాట్లాడతాను. మీలో కొందరి కొంగుముడిలో ఇప్పుడు కూడా ఆ కాగితం ఉంది. "మీ ఇంటి ఆదాయం పెరిగింది, మీరు అర్హులు కారు, ఇంతకాలం తీసుకున్నది తిరిగి కట్టండి" అని అందులో ఉంటుంది. కొందరికి ఆ కాగితం కూడా రాదు, నోటిమాటే వస్తుంది. ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మ ఇందాక నన్ను పక్కకు పిలిచి, "అయ్యా, కట్టకపోతే జైల్లో ఏస్తారంట గదా" అని అడిగింది. ఆమెకు జవాబు చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంటుంది. అయినా చెప్తాను.

మా నాయన పోయేనాటికి నేను ఇంటర్ చదువుతున్నాను. మా అమ్మ మిరపకోతలకు పోయి నన్ను బీయే, బీఈడీ చదివించింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. అమ్మకు వితంతు పింఛను వచ్చేది, నెలకు 200 రూపాయలు. 2010 ఏప్రిల్లో నాకు టీచరుద్యోగం వచ్చింది. ఊరికి అరవై కిలోమీటర్ల దూరంలో వేశారు. అక్కడే అద్దె ఇల్లు, అక్కడే సంసారం. అమ్మ పల్లెలోనే తమ్ముడి దగ్గర ఉండేది. తమ్ముడిది కూలి బతుకు. రేషను కార్డులో మాత్రం నా పేరు అట్లాగే ఉండిపోయింది. తీయించాలని తోచలేదు అంటే అబద్ధం అవుతుంది. తోచింది. ఆఫీసు చుట్టూ తిరగలేక వదిలేశాను.

2014లో ఆంధ్రలో పింఛను 200 నుంచి 1000 చేసేటప్పుడు జాబితాలు వడపోశారు. అమ్మ పేరు ఎగిరిపోయింది. కొడుక్కి సర్కారు జీతం ఉందన్నారు, సరే అనుకున్నాం. నెల తిరక్కుండా ఒకాయన ఇంటికి వచ్చాడు. "54 నెలలు, నెలకు 200, మొత్తం 10,800 కట్టాలి. లేకపోతే నీ కొడుకు ఉద్యోగం మీదికి వస్తుంది" అని మా అమ్మతో అన్నాడు. అమ్మ నాకు చెప్పలేదు. పాడిగేదెను అమ్మి ఆయన చేతిలో డబ్బు పెట్టింది. తర్వాత ఎప్పుడో పండక్కి పోతే కొట్టం ఖాళీగా కనపడింది. అప్పుడు తెలిసింది నాకు.

తెలిసి నేనేం చేశాను? బళ్లో పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి, సంఘం మీటింగుల్లో హక్కుల మీద గంటసేపు మాట్లాడేవాణ్ణి, "రసీదు ఏదమ్మా" అని అడిగి, లేదంటే నోరు మూసుకున్నాను. ఉద్యోగానికి ఏమన్నా అవుతుందేమోనని భయం. కొన్నేళ్ల తర్వాత ధైర్యం వచ్చి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ఆ మొత్తం జమ అయినట్టు రికార్డులో లేదని జవాబు వచ్చింది. గేదె పోయింది. డబ్బు ఖజానాకు కూడా చేరలేదు.

ఇప్పుడు ఆలోచించండి. అసలు ఆ 10,800 మేం బాకీ ఉన్నామా? నా జీతం నా ఇంట్లో ఉంది. అమ్మ తమ్ముడింట్లో ఉంది. కార్డులో పేర్లు కలిసి ఉన్నాయి గాని పొయ్యిలు వేరు. పోనీ బాకీ ఉన్నామే అనుకుందాం. 54 నెలలు నెలనెలా ఇచ్చింది ఎవరు? మేం దొంగతనంగా తెచ్చుకున్నామా? వాళ్లే లెక్కపెట్టి, వేలిముద్ర వేయించుకుని ఇచ్చారు. నా పేరు తీయించకపోవడం నా తప్పు, ఒప్పుకుంటాను. 54 నెలలు చూసుకోకపోవడం ఎవరి తప్పు? దాని ఖరీదు మా గేదె ఒక్కటే ఎందుకు కట్టాలి?

మన ఇళ్లలో ఒకడికి ఉద్యోగం రావడం అంటే ఏమిటో మనకు తెలుసు. మొదటి జీతం రాకముందే దానికి పంపకాలు అయిపోయి ఉంటాయి. నాయన రోగానికి తెచ్చిన అప్పు, చెల్లెలి పెళ్లి అప్పు, కూలిపోయిన గోడ. పెద్ద ఊళ్లో ఒక ఇంటికి ఉద్యోగం వస్తే అది ఉన్న పొలం మీద అదనం. మన ఇంటికి వస్తే అది తాతల నాటి అప్పుల గుంట పూడ్చడానికే సరిపోతుంది. కాగితం మీద ఆదాయం ఆ నెలలోనే పెరుగుతుంది. ఇల్లు పెరగడానికి పదేళ్లు పడుతుంది. సర్కారు మాత్రం కాగితాన్నే చూస్తుంది.

2019 తర్వాత ఆంధ్రలో ఆరంచెల పరిశీలన పెట్టారు. పల్లెలో ఇంటి ఆదాయం నెలకు 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదన్నారు. మాగాణి అయితే మూడెకరాలు, మెట్ట అయితే పదెకరాలు మించకూడదన్నారు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు, నాలుగు చక్రాల బండి ఉండకూడదు, ఇంట్లో సర్కారు ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవాడు ఉండకూడదు. పారిశుధ్య కార్మికులకు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు తోలుకునేవాళ్లకు మినహాయింపు ఉందన్నారు. ఆ మినహాయింపుల సంగతి మన వాళ్లలో ఎంతమందికి తెలుసు? చెత్తబండి మీద పనిచేసే కొడుకు ఉన్నాడని తల్లి పింఛను ఆపితే, అది ఆపకూడని పింఛను అని అడిగినవాళ్లు ఎందరు?

ఇంకొక మెలిక ఉంది. మన కుర్రాళ్ల సంపాదన నెలనెలా ఒకేలా ఉండదు. సీజన్లో మూడు నెలలు మిల్లులో పనిచేసి నెలకు 14 వేలు తెస్తాడు. మిగతా తొమ్మిది నెలలు దొరికిన కూలికి పోతాడు. ఆ మూడు నెలల కాగితం పట్టుకుని ఏడాదంతా 14 వేలే అని రాస్తే ఆ ఇల్లు గొప్ప ఇల్లు అయిపోతుంది. ఇట్లాంటి తప్పుడు లెక్క మన దగ్గరే జరుగుతుందని అనుకోకండి. ఆస్ట్రేలియాలో సాక్షాత్తూ ప్రభుత్వమే చేసింది. అక్కడ పేదలకు భృతి పదిహేను రోజులకు ఒకసారి ఇస్తారు. ఏ పక్షంలో ఎంత సంపాదించావో దాన్నిబట్టి ఆ పక్షం భృతి. 2015లో మొదలుపెట్టి వాళ్లేం చేశారంటే, పన్నుల ఆఫీసు దగ్గరున్న ఏడాది సంపాదన తీసుకుని 26 పక్షాలకు సమానంగా పంచేశారు. పనిలేని రోజుల్లో కూడా సంపాదించినట్టు యంత్రమే రాసింది. ఎక్కువ తీసుకున్నావు, కట్టు అని నోటీసులు పోయాయి. జనం పోరాడారు, కోర్టులకు పోయారు. 2019 నవంబరులో ఆ లెక్క చట్టప్రకారం చెల్లదని కోర్టులో తేలింది. 2020లో నాలుగు లక్షల 70 వేల బాకీలకు సంబంధించి 72 కోట్ల డాలర్లు తిరిగి ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. 2023లో విచారణ సంఘం ఆ పథకాన్ని ఎండగట్టింది. ఈలోపల ఆ కాగితాలకు భయపడి ప్రాణాలు తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. నెదర్లాండ్స్ అనే దేశంలో పిల్లల సంరక్షణ భృతి వెనక్కి కట్టమని వేలాది తల్లిదండ్రుల్ని రోడ్డున పడేశారు. వాళ్లలో ఎక్కువగా పట్టుకున్నది ఎవర్ని? వేరే దేశాల నుంచి వచ్చి బతుకుతున్న కుటుంబాల్ని. 2021 జనవరిలో ఆ ప్రభుత్వమే రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ దేశానికీ ఒక వెలివాడ ఉంది, చూశారా.

మన దగ్గర చూద్దాం. 2022 మే నెలలో ఉత్తరప్రదేశ్‌లో, అర్హత లేనివాళ్లు తిన్న రేషనుకు డబ్బు కట్టాలని ప్రచారం జరిగింది. జనం బెదిరిపోయి కార్డులు తిరిగిచ్చేయడానికి వరసలు కట్టారు. ఆ తర్వాత ప్రభుత్వం అట్లాంటి ఆదేశమే మేం ఇవ్వలేదని చెప్పింది. తిరిగిచ్చిన కార్డుల్లో నిజంగా అర్హత ఉన్నవి ఎన్నో ఆలోచించండి. 2024 జూలైలో తెలంగాణలో కుటుంబ పింఛను కూడా వస్తోందని చెప్పి ఒక ముసలావిడకు ఆసరా పింఛను లక్షన్నర పైచిలుకు తిరిగి కట్టమని నోటీసిచ్చారు. గొడవ అయ్యాక వసూళ్లు ఆపమన్నారు. పైనుంచి దిగిన కాగితమల్లా చట్టం అయిపోదని ఇవి చెప్తున్నాయి.

అందుకని పెద్దమ్మా, నీ ప్రశ్నకు జవాబు ఇది. తప్పుడు సర్టిఫికెట్ సృష్టించి, ఉన్నవాళ్లను చచ్చిపోయారని రాయించి డబ్బు తింటే అది కేసు. ఇంట్లో ఆదాయం పెరిగి, పైవాళ్లు చూసుకోకుండా పింఛను ఇస్తూపోతే అది డబ్బు లెక్క. పోలీసు లెక్క కాదు. లెక్క అన్నాక ముందు వాళ్లు చూపించాలి.

ఎవరన్నా నోటితో కట్టమంటే "కాగితం ఇయ్యి నాయనా" అనండి. అంతకుమించి ఒక్క మాట అనొద్దు. తెల్ల కాగితం మీద వేలిముద్ర అసలు వేయొద్దు. కాగితం వచ్చిందా, అందులో ఏ నెల నుంచి ఏ నెల దాకా, నెలకు ఎంత, ఏ జీవో ప్రకారం, ఎవరి ఆదాయం చూసి అన్నది ఉండాలి. లేకపోతే అవి అడుగుతూ అర్జీ రాయండి. రెండు కాపీలు రాసి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ వేయించి ముద్ర కొట్టించుకోండి. ఆ ముద్ర కాపీ బియ్యం డబ్బాలో పెట్టుకున్నా సరే, పారేయొద్దు. పింఛను పుస్తకం, బ్యాంకు పుస్తకం తీసి నెలనెలా సరిచూడండి. ఇవ్వని నెలలు కూడా ఇచ్చినట్టు రాసి వసూలు చేయబోయిన సంగతులు నా కళ్లారా చూశాను. కొడుకు వేరే కాపురం ఉంటే ఎప్పటి నుంచి ఉంటున్నాడో అద్దె చీటీయో, ఆ ఊరి కరెంటు బిల్లో జత చేయండి.

లెక్క చూశాక నిజంగానే బాకీ ఉన్నామని తేలితే కడదాం. కాని ఒకేసారి కాదు. కూలి చేసుకునేవాళ్లం, నెలకు ఇంత చొప్పున కడతామని రాసివ్వండి. మనిషి చేతికి పైసా ఇవ్వొద్దు. చలానా కట్టి రసీదు తీసుకోండి. మా అమ్మ చేసిన పొరపాటు మీరు చేయొద్దు.

జవాబు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. కోర్టు దాకా పోవాల్సి వస్తే 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ ఆఫీసు ఉంటుంది.

ఒక సంగతి చూడండి. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మూడు, నాలుగు తరగతుల ఉద్యోగులకు పొరపాటున ఎక్కువ జీతం ఇచ్చి ఉంటే తిరిగి వసూలు చేయకూడదని, రిటైరైనవాళ్ల దగ్గరా వసూలు చేయకూడదని చెప్పింది. అంటే టీచరుగా నాకు ఎక్కువ జీతం పడితే నాకొక గొడుగు ఉంది. 200 రూపాయల పింఛను తీసుకున్న మా అమ్మ పేరు ఆ తీర్పులో లేదు. అయినా, నమ్మకంతో తీసుకుని తిన్నదాన్ని పేదవాడి గొంతు నులిమి కక్కించకూడదన్న ఆ న్యాయాన్నే మన అర్జీల్లో రాయాలి. ఇంకొకటి. సర్కారు మనకు బాకీపడితే ఏమవుతుంది? 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూలి ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం అని నిబంధన ఉండేది. వెయ్యి రూపాయలకు రోజుకు అర్ధరూపాయి. అది అందిందని నాతో చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు.

మనవాళ్ల సంగతి కూడా ఒక మాట అంటాను, కోపగించుకోవద్దు. ఉద్యోగాలొచ్చి, టౌనులో డాబాలు కట్టి, కారు కొనుక్కుని, ఇంకా పల్లెలో తల్లి కార్డు మీద పేరు ఉంచుకున్న తమ్ముళ్లు ఉన్నారు. నేనూ కొన్నాళ్లు ఆ లెక్కలోవాణ్ణే. కాపురం వేరుపడిన నెలలోనే పేరు విడదీయించుకోండి, జీతం వచ్చిందని రాసిచ్చి ముద్ర వేయించుకోండి. మీరు చేయని ఆ చిన్న పనికి తల్లి గేదె పోతుంది. ఇంకా ఆమె మీకు చెప్పదు కూడా.

సభ అయ్యాక నేను, మరో ఇద్దరు టీచర్లు ఆ వేపచెట్టు కింద కూర్చుంటాం. తెల్ల కాగితాలు, కార్బన్ పేపర్లు తెచ్చాం. నోటీసు వచ్చినవాళ్లు నోటీసు తీసుకుని, నోటిమాట వచ్చినవాళ్లు ఎవరు అన్నారో, ఏ రోజు అన్నారో గుర్తుచేసుకుని రండి. ఆఖరి బస్సు ఎనిమిదింటికి. అప్పటిదాకా రాస్తాం. మిగిలినవాళ్లకు వచ్చే ఆదివారం ఇక్కడే.

జై భీమ్.