నేనే పెట్టుకుంటా



స్నాతకుడంటే స్నానం చేసినవాడని అర్థం. గురుకులంలో చదువు ముగిసిన విద్యార్థి గురువుగారి అనుమతి తీసుకుని స్నానం చేసి ఇంటికి బయలుదేరేవాడు. ఆ తంతుకు సమావర్తనం అని పేరు, అంటే తిరిగి రావడం. బ్రహ్మచారిగా వెళ్లినవాడు రేపటి గృహస్థుగా తిరిగి వచ్చేవాడు. ఒక వయసు దాటి మరో వయసులో అడుగుపెట్టే గడప దగ్గర మన పెద్దలు నీళ్లు పోశారన్నమాట. ఈ స్నాతకోత్సవంలో పట్టా అందుకుంటున్న మీరిప్పుడు ఆ గడప మీద ఉన్నారు. నలభై ఏళ్లపాటు మానవ వికాసం పాఠం చెప్పినదాన్ని, నాకు తెలిసిన సంగతి అదొక్కటే. మనిషి ఎలా పెరుగుతాడు, ఎప్పటిదాకా పెరుగుతాడు అన్నదే మీతో మాట్లాడతాను.

మొన్న సంక్రాంతికి మా వీధిలో ఒక ఇంట్లో అడుగుల అరిసెల వేడుక చేశారు. పది నెలల పిల్ల. చాప మీద అరిసెలు వరసగా పేర్చి, పిల్ల చంకల కింద చేతులు వేసి నడిపిస్తున్నారు. మొదటి అరిసె మీద పాదం ఆనగానే మెత్తగా, జిడ్డుగా తగిలినట్టుంది, కాలు చటుక్కున వెనక్కి తీసుకుంది. తీసుకుని వాళ్లమ్మ మొహంలోకి చూసింది. అమ్మ నవ్వింది. పిల్ల మళ్లీ కాలు మోపింది. అందరూ చప్పట్లు కొట్టారు కానీ నేను ఆ చూపునే చూస్తూ ఉండిపోయాను. కొత్తది ఎదురైనప్పుడు ముందుకు పోవాలో ఆగాలో పసిపిల్లలు నమ్మిన మనిషి మొహంలో చదువుకుంటారు. అక్షరాలు రాకముందు చదివే చదువు అది.

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే చిలకలు. పిల్లకు రెండేళ్లు నిండేలోపు మనవాళ్లు ఎన్ని వేడుకలు చేస్తారో! ఆ తరవాత అక్షరాభ్యాసం, ఆపైన పెళ్లి. మళ్లీ అరవై నిండితే షష్టిపూర్తి, డెబ్బైకి భీమరథ శాంతి, ఎనభై దాటితే సహస్ర చంద్ర దర్శనం. పెళ్లికీ షష్టిపూర్తికీ నడుమ ముప్పై, ముప్పై అయిదేళ్లున్నాయి. ఆ ఏళ్లలో మనిషి ఎంత మారినా, ఏం నేర్చుకున్నా ఇంట్లో బాణలి పొయ్యి ఎక్కదు. పెరగడం అయిపోయింది, ఇక సంపాదించడమే మిగిలిందని అందరూ అనుకుంటారు. మీరూ అలాగే అనుకుంటారేమోనని నాకు బెంగ.

ఎరిక్ ఎరిక్సన్ పేరు మీలో కొందరికి పరీక్షల కోసం కంఠస్థం. పుట్టుక నుంచి ముసలితనం దాకా ఎనిమిది దశలు చెప్పిన మనిషి. పట్టికలో ఆ దశలు చదివినవాళ్లకు ఆయన బతుకు తెలియదు. 1902లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. కన్నతండ్రి ఎవరో ఆయనకు చివరిదాకా తెలియలేదు. మారుతండ్రి ఇంటిపేరుతో పెరిగాడు. బడిలో యూదుడని ఏడిపించారు, యూదుల ప్రార్థనాలయంలో పొడుగ్గా, నీలికళ్లతో ఉన్నాడని పరాయివాడిలా చూశారు. బడి చదువు అయ్యాక కాలేజీ డిగ్రీ జోలికి పోకుండా బొమ్మలు గీసుకుంటూ ఊళ్లు పట్టి తిరిగాడు. 1927లో, పాతికేళ్ల వయసులో, వియన్నాలో ఒక చిన్న బడిలో పిల్లలకు పాఠం చెప్పడానికి చేరితే అక్కడ దారి దొరికింది. 1933లో అమెరికా వెళ్లాడు, 1939లో అక్కడి పౌరుడయ్యేటప్పుడు ఎరిక్సన్ అన్న ఇంటిపేరు తనకు తానే పెట్టుకున్నాడు. నేనెవరిని అన్న ప్రశ్నను యౌవనానికి కేంద్రంగా ఆయన ఎందుకు పెట్టాడో ఇది తెలిశాకే నాకు అర్థమైంది.

ఆ వయసువాళ్లకు సమాజం ఇవ్వాల్సిన వెసులుబాటుకు ఆయన మారటోరియం అని పేరు పెట్టాడు. ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నవాళ్లకు ఈ మాట బాగా తెలుసు. చదువు అయ్యాక కూడా కొన్నాళ్లు బ్యాంకు వాయిదాలు అడగదు. జీవితంలోనూ అలాంటి గడువొకటి ఉండాలని, ఆ కాలంలో కుర్రవాళ్లు ఇదీ అదీ ప్రయత్నించి చూసుకోవాలని ఆయన చెప్పాడు. నుదుటి వెనక ఉండే మెదడు భాగం, ముందుచూపుకూ నిగ్రహానికీ ఆధారమైన భాగం, ఇరవైల నడిమి దాకా పదునెక్కుతూనే ఉంటుందని ఇప్పుడు శాస్త్రం కూడా చెబుతోంది. కానీ మన ఇళ్లలో ఆ గడువు ఎక్కడ? ఇంటర్‌లో చేరేనాటికే ఎంపీసీయో బైపీసీయో తేలిపోవాలి. పట్టా చేతికి రాకముందే ప్యాకేజీ ఎంతని చుట్టాలు అడుగుతారు. అమ్మానాన్నలకు ఒక మనవి చేస్తాను. అరిసెల మీద నడిపించినప్పుడు చంకల కింద చేతులు వేశారు, సరే. ఆ చేతులు తీసినప్పుడే కదా పిల్ల నడిచింది. ఒక్క రెండేళ్లు వీళ్లను తడబడనివ్వండి.

మా విభాగానికి అనుబంధంగా ఒక నర్సరీ బడి ఉండేది. అక్కడ మూడేళ్ల పాప ఒకతి రోజూ పొద్దున్నే గౌను మీద వేసుకునే స్వెట్టరు గుండీలతో కుస్తీ పట్టేది. బొటనవేలితో గుండీని నొక్కుతుంది, కాజాలోకి సగం వెళ్తుంది, జారిపోతుంది. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగపట్టి మళ్లీ మొదలు. ఆలస్యమవుతోందని వాళ్లమ్మ చెయ్యి వేస్తే ఒకటే అరుపు: "నేనే పెట్టుకుంటా!" ఆ వయసు పిల్లలున్న ప్రతి ఇంట్లో వినిపించే మాటే. దాన్ని మొండితనం అంటాం. ఎరిక్సన్ దాన్ని రెండో దశలో చేయాల్సిన పని అన్నాడు. ఆ "నేనే"ని గౌరవిస్తే పిల్లకు తన మీద తనకు పట్టు చిక్కుతుంది, వెక్కిరిస్తే సిగ్గు, అనుమానం మిగులుతాయి. ఉద్యోగం గురించో పెళ్లి గురించో రేపు మీరు ఇంట్లో ఇదే మాట అంటారు. అప్పుడు ఆ పాప గుర్తుకు రావాలి, మీకూ మీవాళ్లకూ.

1962లో ఎరిక్సన్ అహ్మదాబాద్ వచ్చాడు, మానవ జీవన దశల మీద జరిగిన సదస్సుకు. అక్కడ ఉండగా 1918 నాటి మిల్లు కార్మికుల సమ్మె ఆయన మనసుకు పట్టింది. యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయ్, కార్మికుల పక్షాన ఆయన సొంత అక్క అనసూయ. జీతాలు 35 శాతం పెంచాలని సమ్మె. కార్మికుల పట్టు సడలుతుంటే గాంధీ మూడు రోజులు ఉపవాసం చేశారు. అప్పటికి ఆయన వయసు 48. ఆనాటివాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడి, ఎరిక్సన్ 1969లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. నడివయసులో మనిషికి తన తరవాతివాళ్ల బాగోగులు సొంత పని అవుతాయన్న ఏడో దశను ఆయన గాంధీలో చూశాడు. ముప్పై లోపు అన్నీ సాధించేయాలని కంగారుపడేవాళ్లు ఆ 48 అన్న అంకెను కాస్త దగ్గర పెట్టుకోండి.

నడివయసులోనూ మనిషి పెరుగుతాడనడానికి మన తెలుగు నేల మీద ఇంకా గట్టి సాక్ష్యం ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా పొలం పని చేసి, రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టిన ఆడవాళ్లలో పిల్లల తల్లులున్నారు, అమ్మమ్మలున్నారు. వాళ్ల వాచకంలో సారా గురించిన పాఠం ఉంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి, చర్చించి, తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు నాటికి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఆరేళ్లకు పట్టాల్సిన పలక వాళ్ల చేతికి నలభైలోనో యాభైలోనో అందింది, అయినా ఏం చేశారో చూడండి. దశలంటే మెట్లనీ, దాటాక తలుపు మూసుకుపోతుందనీ నేనూ చిన్నప్పుడు అనుకున్నాను. కానీ ఒక వయసులో చేయకుండా మిగిలిపోయిన పని మరో వయసులో చేసుకోవచ్చు. ఎరిక్సన్ కూడా అదే నమ్మాడు.

ఎనిమిదో దశతో కథ ముగియలేదు. ఎరిక్సన్ 1994లో, 91 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన భార్య జోన్ ఆయన పనిలో మొదటి నుంచీ పాలుపంచుకున్న మనిషి. తొంభై దాటిన వయసులో ఆమె కలం పట్టి తొమ్మిదో దశను చేర్చింది. ఎనభై, తొంభైల్లో బతకడం అంటే ఏమిటో అక్కడిదాకా వెళ్లినవాళ్లకే తెలుస్తుంది కదా. మనకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ల దగ్గర ఉండేది. అందరూ ముప్పైలోనే పోయేవారని కాదు, పురిటి బిడ్డలు ఎక్కువమంది దక్కక సగటు అంత కిందికి దిగింది. ఇప్పుడది డెబ్బై చుట్టూ ఉంది. తొమ్మిదో దశలోని మనుషులు ఇవాళ మీలో చాలామంది ఇళ్లలో ఉన్నారు. ఆ దశలో పసితనపు ప్రశ్నలన్నీ తిరిగి వస్తాయని జోన్ రాసింది. ఈ కాలు నన్ను మోస్తుందా, ఈ చెయ్యి నా మాట వింటుందా అన్న ప్రశ్నలు.

మా అమ్మకు 88 ఏళ్లు. ఈ పొద్దున నేను ఈ సభకు బయలుదేరే వేళకు ఆవిడ మంచం అంచున కూర్చుని జాకెట్టు హుక్కులు పెట్టుకుంటోంది. వేళ్లు వణుకుతాయి. హుక్కు కాజా దాకా వెళ్లి జారిపోతుంది. బయట కారు డ్రైవరు హారన్ కొట్టాడు. నేను వంగి చెయ్యి వేయబోయాను. అమ్మ నా చెయ్యి పక్కకు నెట్టి, "నేనే పెట్టుకుంటానే" అంది. నలభై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, చెయ్యి వెనక్కి తీసుకుని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. అయిదు హుక్కులు. నాలుగోది రెండుసార్లు ఊడింది. చివరిది పడ్డాక అమ్మ తలెత్తి నా మొహంలోకి చూసింది.

సభకు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాను. కులపతి గారు మన్నించాలి.