బంతి మడిలో కలుపు: నారు నాటకముందే చూసుకోవాలె
(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు ఇంతకుముందే విన్నారు. పూల సాగుకు తీసుకున్న అప్పు తిరిగి కట్టాలంటే బతుకమ్మకు, దసరాకు పువ్వు చేతికి రావాలె. బంతి నారు నాటిన 50, 60 రోజులకు పువ్వు కోతకు వస్తది. అంటే జూలైలో నాటాలె. సరిగ్గా అప్పుడే పత్తిల, సోయాల కలుపు మొదలైతది, కూలికి మనిషి దొరకదు. బంతికి మొదటి నెలన్నర రోజులే గండం. ఆ తర్వాత చెట్టు గుబురై నేలను కప్పేస్తది, కలుపు లేవదు. అందుకే నాటకముందు చేసే పనే అసలు పని.

"నాటే ముందే మందు కొడితే అయిపాయె కదా" అని చాలామంది అడుగుతున్నారు. మందు మంచిదా చెడ్డదా అనేకంటే ముందు, ఏ మందు ఏం చేస్తదో తెలుసుకుందాం.

కలుపు మందులు రెండు రకాలు. మొదటిది మొలిచి నిలబడ్డ గడ్డిని చంపేది. గ్లైఫోసేట్, పారాక్వాట్ ఈ రకం. ఇవి నేలలో ఉన్న విత్తనాన్ని ఆపవు, మళ్లీ వాన పడితే మళ్లీ కలుపు మొలుస్తది. గ్లైఫోసేట్‌ను 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దీన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరేవాళ్లు వాడొద్దని ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ కొంచెం కడుపులోకి పోయినా ప్రాణం మీదికి వస్తది, దానికి విరుగుడు లేదు. ఈ రెండూ మన పూల మడికి వద్దు, మన ఇంట్లో ఉండనే వద్దు.

రెండోది మొలకెత్తే విత్తనాన్ని ఆపేది. పెండిమిథాలిన్ ఈ రకం. పత్తి, సోయా విత్తిన 24 నుంచి 48 గంటల్లో కొట్టే పసుపు రంగు మందు ఇదే. ఇది నేల పైన పల్చని పొరలాగ నిలుస్తది. ఆ పొరలో మొలకెత్తిన విత్తనం అక్కడే ఆగిపోతది. తెలుసుకోవాల్సినవి మూడున్నాయి. నేలలో తడి లేకుంటే ఇది పనిచేయదు. కొట్టినంక నేలను తవ్వితే పొర చెదిరిపోతది. తుంగ గడ్డలనుంచి, గరిక వేర్లనుంచి లేస్తయి కాబట్టి వాటిని ఇది ఆపదు. ఇంకో మాట, కలుపు గింజకూ బంతి గింజకూ ఇది తేడా చూడదు. నారుమడిలో ఎప్పుడూ కొట్టొద్దు. పత్తికి చెప్పిన మోతాదు బంతికి సరిపోతదని అనుకోవద్దు. డబ్బా మీద ఏ పంట పేరు రాసి ఉందో చదివించుకోండి. రైతువేదికలో ఏఈవోను గానీ, ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడిగినంకనే కొనండి.

మందు లేకుండా అయ్యే పని కూడా ఉంది. ఎండాకాలంలో లోతు దుక్కి చేస్తే తుంగ గడ్డలు ఎండకు చస్తయి. తొలకరికి మడులు తయారు చేసి 10, 15 రోజులు ఊరికే వదిలేయండి. వానకు కలుపంతా మొలుస్తది. అప్పుడు ఎండ చూసి గుంటుక పైపైన తోలండి, లోతుగా తోలితే కింది గింజ మళ్లీ పైకొస్తది. ఆ మర్నాడో, ఆపై రోజో నారు నాటండి. నారుమడికైతే ఏప్రిల్, మే నెలల్లో నేల తడిపి, పల్చని తెల్ల ప్లాస్టిక్ కాగితం కప్పి, అంచులకు మట్టి వేసి, 4 నుంచి 6 వారాలు ఉంచండి. మన ఎండ ఊరికే పోకుండా కలుపు గింజను చంపుతది. నాటినంక సాళ్ల మధ్య వరిగడ్డి పరవండి.

మందు కొట్టక తప్పదనుకుంటే ఇవి మరువొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ పనికి పోవద్దు. మందు కొట్టిన బట్టలు వేరుగా ఉతకండి, ఆ బట్టలు ఉతికేది ఎక్కువగా మనమే. కూల్‌డ్రింక్ సీసాలో మందు పోసి పెట్టొద్దు. 2,4-డి కొట్టిన పంపుతో బంతికి గానీ పత్తికి గానీ ఏ మందూ కొట్టొద్దు. అడుగున మిగిలింది కూడా ఆకును ముడిచేస్తది.

చివరగా ఒక ఆలోచన. కలుపు కూలి మన సంఘాల ఆడవాళ్లకు దొరికే కూలి. మందు కొన్న పైసలు దుకాణానికి పోతయి, కలుపు పైసలు మన చెల్లెలి ఇంటికి పోతయి. అందుకని లెక్క రాసేటప్పుడు మందు ఖర్చు, కూలి ఖర్చు పక్కపక్కనే రాయండి. వంతులవారీగా ఒకరి మడిలో ఒకరు కలుపు తీస్తే కూలికి మనిషి దొరకలేదన్న మాటే ఉండదు.

ఇంకో సంగతి. పత్తి చేనులో కలుపని పీకేసే గునుగు, బతుకమ్మ నాడు మనం వెతుక్కునే పువ్వే. మడిలో తీసేయండి, గట్టు మీద మాత్రం మందు పడనీయొద్దు. అక్కడ గునుగును, తంగేడును ఉండనీయండి.

మే నెల గ్రామ సమాఖ్య సమావేశంలో, నారు పోయకముందే, ఎవరి మడికి ఏ పద్ధతి అన్నది మాట్లాడుకొని తీర్మానం రాసుకుందాం.