కార్యక్రమరచనలో పరిహారధర్మము



పట్టభద్రులారా! మీలో పెక్కుమంది కొలది మాసములలో బ్యాంకులకు, బీమా సంస్థలకు, ఆసుపత్రులకు, ప్రభుత్వ శాఖలకు సాఫ్ట్‌వేర్ వ్రాయబోవుచున్నారు. అర్జీ అందినది మొదలు తుది ఉత్తరువు వెలువడువరకు జరుగవలసిన పనుల వరుసను వెబ్ సేవలుగా కూర్చి నడిపించుటయే అందు విశేషభాగము. ఆ విద్యకు ప్రాణమని నేను నమ్మిన ఒక్క ధర్మమును మాత్రమే నేడు మీకు మనవి చేయదలచితిని.

ఈ శతాబ్దారంభమున, వేర్వేరు కాలములలో వేర్వేరు భాషలలో వ్రాయబడిన వ్యవస్థలు ఒకదానితో నొకటి వ్యవహరింపజాలక యుండగా, సందేశముల రూపమునకు సోప్, సేవల వర్ణనకు డబ్ల్యు.ఎస్.డి.ఎల్. అను కట్టుబాట్లు ఏర్పడినవి. అయినను ఏ సేవను ముందు పిలువవలెను, ఏది దేనికొరకు వేచియుండవలెను అను క్రమమును వ్రాయుటకు సాధనము కొరవడెను. 2001లో ఐబీఎం సంస్థ డబ్ల్యు.ఎస్.ఎఫ్.ఎల్.ను, మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌లాంగ్‌ను వెలువరించినవి. మొదటిది కార్యమును గీతలచే కలుపబడిన పటముగా భావించినది. రెండవది ఒకదానిలో నొకటి ఇమిడిన ఖండములుగా భావించినది. మరుసటి యేడు ఆ రెండు సంస్థలును బి.ఇ.ఎ. సంస్థతో కూడి, ఆ రెండు దృష్టులను సమన్వయించి బీపెల్ అను భాషను ప్రకటించినవి. ఒయాసిస్ అను ప్రమాణసంస్థ ఆధ్వర్యవమున అది 2007లో 2.0 కూర్పుగా స్థిరపడినది.

ఒక యాత్రికుని ప్రయాణము నుదాహరణముగా గైకొందము. అతని కోరిక అందగనే కార్యక్రమము హోటలులో గదిని, విమానములో సీటును ఏకకాలమున అడుగును. గది దొరకును, సీటు దొరకదు. ఒకే డేటాబేసులోని పని యైనచో అంతయు పూర్తియగువరకు తాళము వేసి, చెడినయెడల మొదటి స్థితికి మరలింపవచ్చును. కాని హోటలు ఒకరిది, విమానము వేరొకరిది. మన పని దినములు పట్టినను వారు తమ లెక్కలకు తాళము వేసికొని కూర్చుందురా? ఈ చిక్కునకు 1987లో గార్షియా మొలీనా, సేలం అను శాస్త్రజ్ఞులు ‘సాగా’ అను పేర మార్గము చూపిరి: దీర్ఘకార్యమును చిన్నభాగములుగా విభజించి, ప్రతిభాగమునకు, కార్యము నడుమ చెడినచో దానిని సరిదిద్దు పరిహారమును జతగా వ్రాయవలెను. బీపెల్ ఈ భావమును స్వీకరించినది. సఫలముగా ముగిసిన ఖండమునకే పరిహారము వర్తించును. ప్రత్యేకముగ వేరొకటి చెప్పనియెడల, చివర ముగిసినదానితో మొదలిడి వెనుకకు నడచుచు ఒక్కొక్కదానిని సరిదిద్దుకొని పోవును.

అయితే పరిహారము వేరు, చెరిపివేత వేరు. రద్దుచేసిన గదికి రుసుము చెల్లింపవలసి యుండవచ్చును. పంపిన ఉత్తరమును వెనుకకు రప్పింపజాలము, తప్పు నొప్పుకొనుచు రెండవ ఉత్తరము మాత్రము వ్రాయగలము. ఏ తప్పునకు ఏది తగిన పరిహారమో నిర్ణయించుటకు యంత్రమునకు శక్తి లేదు. భాష అందులకు స్థానమును మాత్ర మేర్పరచును. ఆ స్థానమును మీరు శూన్యముగ విడిచినను అది ఆక్షేపింపదు, కార్యక్రమము నిరాఘాటముగ నడచుచునే యుండును. ఖాతాలో సొమ్ము తరిగి, టికెట్టు చేతికి రాని సామాన్యుడు కౌంటరు వెంట కౌంటరు తిరుగునప్పుడు ఆ శూన్యస్థానము యొక్క ఫలము బయటపడును.

మరియొక విషయము. 2007 నాటి ప్రమాణములో సేవలను పిలుచుటకు, సందేశములకై వేచియుండుటకు, విలువలను మార్చుటకు మాటలున్నవి. కాగితము చదివి సంతకము చేయు మనుష్యునకు మాత్రము మాట లేదు. అప్పు మంజూరు చేయు అధికారి లేక ఏ బ్యాంకు నడచును? 2005లోనే ఐబీఎం, శాప్ సంస్థలు ఈ లోపమును గుర్తించి, మనుష్యుల పనులకై ఒక అనుబంధమును ప్రతిపాదించెను. వ్యవహారము నంతటిని యంత్రమునకు అప్పగింపవచ్చునను ఉత్సాహములో, వివేచించి నిర్ణయించువాడు పటమునుండి జారిపోవుట ఎంత సులభమో దీనివలన గ్రహింపుడు.

నేడు బీపెల్ ప్రాభవము తగ్గినది. కార్యక్రమమును గీచి చూపుటకు 2011లో వెలువడిన బి.పి.ఎం.ఎన్. 2.0 పటములే నేడు పలుచోట్ల వాడుకలో నున్నవి. వానిలోను పరిహారమునకు గుర్తు నిలిచియున్నది. మీ జీవితకాలమున ఇంకెన్ని భాషలు వచ్చినను, పలువురి చేతులమీదుగా నడచు కార్యము నడుమ చెడుట తప్పదు. కావున ఈ ధర్మమును తప్పదు.

గడువు సమీపించినపుడు, ‘అది తరువాత చూచుకొందములే’ యను మాట మీ చెవిని తప్పక పడును. ఆనాడు వినయముతోనే గాని దృఢముగ నిలిచి, పని ముందుకు సాగు మార్గమును గీచిన దినముననే అది చెడినపుడు సరిదిద్దు మార్గమును గీయుడు. సందేహము వచ్చినచోట నిర్ణయింపవలసిన మనుష్యుని పేరును వ్రాయుడు. మీ ముఖమెరుగని కోట్లజనుల సొమ్మును, కాలమును, నమ్మకమును మీరు కాపాడుదురు గాక! మీకు ఆయురారోగ్యములును, విద్యకు తగిన కీర్తియు కలుగు గాక! శుభమస్తు.